పొడుగు ఛీ, పొట్టి చి

మా అమ్మమ్మ కుళాయి తిప్పే ముందు కుళాయిని కడుగుతుంది. సబ్బుతో చేతులు కడుక్కునే ముందు సబ్బును కడుగుతుంది. ఇంటికెవరైనా వచ్చి కుర్చీలో కూర్చుని వెళ్తే, పాపం ఆ కుర్చీకి ఆ పూట తలంటే. నేను పార్లర్‌లో పని ముగించుకుని వచ్చేసరికి గుమ్మంలోనే అడ్డంగా నిలబడుతుంది.

"ఎవరెవరి నెత్తిలో చేతులు పెట్టి వచ్చావే? ఛీ! అక్కడే ఆగు."

పదో తరగతి మళ్ళీ మళ్ళీ రాసి, ప్రతిసారీ లెక్కల దగ్గర చతికిలబడ్డదాన్ని నేను. నెత్తులు కడగడం తప్ప నాకింకేం వచ్చు? ఆవిడకి మాత్రం నా ఉద్యోగం తలుచుకుంటే ముద్ద దిగదు.

అలాంటి మనిషి వయసులో ఉండగా ఒంటరిగా పరాయి దేశం వెళ్ళి, అక్కడి యూనివర్సిటీలో జపనీస్ చదివి, ఆ తర్వాత రిటైరయ్యేదాకా దుబాసీగా బతికింది. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మధ్యలో కూర్చుని ఇతని మాట అతనికి, అతని మాట ఇతనికి అప్పజెప్పే ఉద్యోగం. మా ఇంట్లో అందరూ అది ఆవిడ తెలివి అంటారు. నేనొప్పుకోను. తెలివి కాదు, కోళ్ళ కంపు.

ముత్తాతకి, అంటే అమ్మమ్మ నాన్నకి, కోళ్ళ షెడ్లుండేవి. ఇల్లు షెడ్ల పక్కనే. తడిసిన పొట్టు, దాని మీద పేరుకున్న రెట్ట, ఎండకి లేచే ఆవిరి, చచ్చిన కోళ్ళని వేసి మూతి కట్టిన గోనెసంచి, దాని చుట్టూ ఈగలు. అమ్మమ్మ పుస్తకం తెరిస్తే పేజీల మధ్య ఈకలుండేవి. బడిలో పక్కనున్న పిల్ల నెమ్మదిగా జరిగి జరిగి బెంచీ చివరికి వెళ్ళిపోయేదట.

"ఈ కంపే నీకు అన్నం పెడుతోంది," అనేవాడట ముత్తాత.

"పెడుతోంది నాన్నా. అన్నం కూడా అదే కంపు కొడుతోంది."

డిగ్రీ అవగానే షెడ్ల అజమాయిషీ కూతురికి అప్పగించాలని ఆయన ఎప్పుడో తీర్మానించేశాడు. ఇంతలో కాలేజీ నోటీసుబోర్డు మీద, జపనీస్ నేర్చుకోవడానికి విదేశంలో ఒక సీటుందని, ఖర్చులన్నీ వాళ్ళే పెట్టుకుంటారని కాగితం అంటించారు. ఆ భాషే ఎందుకు నేర్చుకున్నావని నేనడిగితే అమ్మమ్మ దాపరికం లేకుండా చెప్పేస్తుంది. "ఇంకెవరూ అడగలేదే. పైగా అక్కడిదాకా కోడి వాసన రాదనుకున్నాను."

ఒక షరతు ఉంది. మొదటి ఏడాది ఆఖరున మాట్లాడే పరీక్ష నెగ్గాలి. నెగ్గకపోతే సీటు పోతుంది, తిరిగి ఇంటికి రావాలి. బయల్దేరేటప్పుడు ముత్తాత కళ్ళనీళ్ళేమీ పెట్టుకోలేదట. "పక్కవాళ్ళ గ్లాసులో నీళ్ళు తాగనిదానివి, పరాయిదేశంలో ఏం వేగుతావే? నీ కోసం కొత్త షెడ్డు కట్టిస్తున్నాలే, ఏడాది తిరిగేసరికి తయారవుతుంది," అన్నాడట. ఆ షెడ్డు తలుచుకుని అమ్మమ్మ విమానంలో కూడా వాంతి చేసుకుంది.

వెళ్ళి చూస్తే అక్కడ కోళ్ళు లేవు. మనుషులున్నారు. కోళ్ళే నయమనిపించారు.

హాస్టల్లో ఒక వరస గదులన్నిటికీ కలిపి ఒకటే స్నానాలగది. నీళ్ళు పోయే కన్నం దగ్గర రకరకాల పొడవుల వెంట్రుకలు చుట్టుకుని, తడిసిన ఎలుకలా పడి ఉండేవి. వంటగది తొట్టిలో ఎవరిదో తిని వదిలేసిన గిన్నె, పైన తెట్టు. గదిలో మంచం పక్క గోడకి నల్లగా బూజు. తుడిస్తే పోయేది, వాన పడితే మళ్ళీ వచ్చేది. పక్కమంచం అమ్మాయి కాలిగోళ్ళు కత్తిరించుకుని కిటికీ గట్టు మీద వరసగా పెట్టేది. ఎందుకు పెట్టేదో, తర్వాత వాటినేం చేసేదో అమ్మమ్మ ఇప్పటికీ చెప్పదు. చెప్పబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది.

ఒకసారి ఆ అమ్మాయి అమ్మమ్మ చెంచాతో ఏదో రుచి చూసి, అదే చెంచా మళ్ళీ డబ్బాలో పెట్టేసింది. "అది ఎంగిలి!" అని అరవాలి. ఎంగిలికి జపనీస్‌లో ఏమంటారు? నిఘంటువంతా తిరగేసింది. మాటే దొరకలేదు. "మాటే లేని దేశంలో ఇక శుభ్రం ఎక్కణ్ణుంచి వస్తుందే?" అంటుంది. నేను నవ్వితే వీపు మీద ఒకటేస్తుంది. వేసి చెయ్యి కడుక్కుంటుంది.

చదువు మాత్రం బాగానే సాగింది. వాళ్ళకి పంతులమ్మ ఒకావిడ ఉండేది. అమ్మమ్మ ఆవిడకి దీర్ఘం మేడమ్ అని పేరు పెట్టింది. ఆ భాషలో కూడా మన తెలుగులోలాగే పొట్టి అచ్చుకీ పొడుగు అచ్చుకీ అర్థం మారిపోతుందట. మిగతా దేశాల పిల్లలు అక్కడ తడబడి చచ్చేవాళ్ళు. గుణింతం చదువుకున్న అమ్మమ్మకి అదో లెక్కా? గుడి ఇస్తే గుడి, గుడి దీర్ఘం ఇస్తే గుడి దీర్ఘం. దీర్ఘం మేడమ్ ఆవిణ్ణి నిలబెట్టి మిగతావాళ్ళకి చూపించేదట. ఈ మాట చెప్పేటప్పుడు అమ్మమ్మ ముక్కు కాస్త పైకి లేస్తుంది. లేవనీ. ఆ ముక్కే తర్వాత కొంప ముంచింది.

మాట్లాడే పరీక్షంటే హాల్లో కూర్చుని రాసేది కాదు. యూనివర్సిటీ వెనక వీధిలో ఒక వృద్ధాశ్రమం ఉంది. ఒక్కో విద్యార్థికి ఒక్కో ముసలి మనిషిని అప్పగిస్తారు. మధ్యాహ్నాలు వెళ్ళి వాళ్ళతో మాట్లాడాలి, చిన్నా చితకా సాయం చెయ్యాలి. ఏడాది ఆఖరున అక్కడి పెద్దనర్సు, "ఈ పిల్ల మాట మాకు పనికొస్తోంది," అంటే పాస్. "పనికిరాదు," అంటే కొత్త షెడ్డు.

మొదటిరోజు అమ్మమ్మ ఆ వసారాలో అడుగుపెట్టింది. మందుల వాసన, మూత్రం వాసన, ఉడికిన కూరల వాసన కలిసి గడ్డకట్టినట్టున్న గాలి. అల్మారా మీద వరసగా గాజు గ్లాసులు, వాటిలో కట్టుడు పళ్ళు. ఒక గ్లాసులో నీళ్ళు పచ్చబడి ఉన్నాయి, పళ్ళ సందున నిన్నటి భోజనం ఇంకా ఉంది.

"ఛీ!" అంది అమ్మమ్మ.

అంతే. పెద్దనర్సు దూది, కట్టు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఇంకొకామె చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చింది. "ఎక్కడ? ఎవరికి?" అని ఒకటే గోల. ఎందుకంటే వాళ్ళ భాషలో 'చి' అంటే రక్తం.

పాపం, అమ్మమ్మకి ఆ మాట తెలియక కాదు. పాఠంలో చదివింది, పరీక్షలో రాసింది కూడా. కానీ అసహ్యం వేసినప్పుడు నోరు జపనీస్ చదువుకున్న నోరు కాదు కదా, కోళ్ళ షెడ్డు పక్కన పెరిగిన నోరు. మర్నాడు తడి గుడ్డ ముట్టుకుని ఛీ అంది. దూది పరుగెత్తుకొచ్చింది. ఆ వారంలోనే ఎవరో ముక్కు చీదిన తువ్వాలు చూసి ఛీ ఛీ అంది. చక్రాల కుర్చీ వచ్చింది. చివరికి దీర్ఘం మేడమ్ పిలిపించింది.

"మీ భాషలో ఆ మాటకి అర్థమేంటి?"

"అసహ్యం, మేడమ్."

"మా రక్తం పొట్టిగా ఉంటుంది. మీరు పొడుగ్గా అంటున్నారు. కానీ కంగారులో ఎవరు కొలుచుకుంటారు చెప్పండి?"

"పొట్టిది అసహ్యానికి సరిపోదు, మేడమ్."

ఆవిడ నవ్వలేదు. "పొట్టిగానూ వద్దు, పొడుగ్గానూ వద్దు. ఆ మాట ఇంకొక్కసారి అక్కడ వినపడిందంటే మిమ్మల్ని అక్కణ్ణుంచి తీసేస్తాను. ఆ తర్వాత సీటు నిలబెట్టడం నా తరం కాదు."

అప్పటినుంచి అమ్మమ్మ ఛీని ఎక్కిళ్ళలా మింగడం మొదలుపెట్టింది. గొంతుదాకా వచ్చేది, గుటక వేసేది. సాయంత్రానికి కడుపంతా ఛీలతో ఉబ్బిపోయేదట. హాస్టలుకి వచ్చి, కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో అన్నీ కలిపి ఒకేసారి అనేసేది.

ఆవిడకి అప్పగించిన ముసలాయన పేరు అక్కడి రికార్డులో ఏదో ఉంది గానీ, మా ఇంట్లో మాత్రం ఉమ్ముల తాత. జీవితమంతా లారీ నడిపినవాడు. నడుస్తున్న లారీ కిటికీలోంచి ఉమ్మి, రోడ్డు పక్క మైలురాయిని కొట్టేవాణ్ణని గొప్పలు చెప్పేవాడు. అంత గురి ఉన్నవాడు మంచం మీద పడ్డాక గిన్నె ఇటు పెడితే అటు ఉమ్మేవాడు. అటు పెడితే ఇటు. నేల మీద, దుప్పటి మీద, ఒకసారి అమ్మమ్మ చెప్పు మీద. ఆ చెప్పుల జతని ఆవిడ అక్కడే వదిలేసి వట్టికాళ్ళతో హాస్టలుకి వెళ్ళింది.

"కావాలనే చేస్తున్నారా, తాతగారూ?"

"ఏం చెయ్యమంటావు పిల్లా? ఈ మంచం మీద నా ఇష్టప్రకారం జరిగేది అదొక్కటే."

ఒకరోజు ఆయన నోట్లో చప్పరిస్తున్న బిళ్ళని తీసి, చొంగ కారుతుండగా, "తీసుకో, బాగుంది," అని చెయ్యి చాపాడు. అమ్మమ్మ గుటక వేసేలోపే నోరు జారింది.

"ఛీఛీ!"

గుమ్మంలో పెద్దనర్సు నిలబడి ఉంది. అయిపోయింది అనుకుంది అమ్మమ్మ. కళ్ళ ముందు కొత్త షెడ్డు, రేకులతో సహా కనబడింది. ఉమ్ముల తాత మాత్రం పళ్ళులేని నోరు బార్లా తెరిచి నవ్వాడు. "విన్నావా నర్సమ్మా? ఈ పిల్ల నా గురించి నీతో 'మా నాన్న' అని చెప్తోంది!"

నిజమే. ఆ భాషలో మన నాన్న గురించి బయటివాళ్ళకి చెప్పేటప్పుడు 'చిచి' అంటారట. పెద్దనర్సు అమ్మమ్మని ఎగాదిగా చూసి, తన పనిమీద వెళ్ళిపోయింది. ముసలాయన ఆ బిళ్ళని మళ్ళీ నోట్లో వేసుకున్నాడు.

ఆదివారం ఫోన్‌లో అమ్మమ్మ ఈ సంగతి ముత్తాతకి చెప్పింది. "ఇక్కడ నాన్నని చిచి అంటారు, నాన్నా. అమ్మనేమో హహ అంటారు."

"నువ్వు పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ నన్ను అదే అంటున్నావు కదే! ఇంట్లోనే వచ్చేసిన భాషకి అంత దూరం ఎందుకెళ్ళినట్టు?"

ముసలాయనకి ఒక కొడుకున్నాడు. ఏడాదంతటికీ ఒక్కసారి వచ్చాడు. ఇస్త్రీ బట్టలు, మెరిసే బూట్లు. గుమ్మం దాటి లోపలికి రాలేదు. ముక్కు మీద సెంటు రుమాలు పెట్టుకుని, అక్కణ్ణుంచే, "బాగున్నావా?" అన్నాడు. తండ్రి ఏదో చెప్పబోతే గడియారం చూసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ తలుపు పిడిని మోచేత్తో నెట్టాడు, చెయ్యి తగలకుండా.

అమ్మమ్మకి ఒళ్ళంతా కంపరమెత్తిందట. బూజు చూసినా, పచ్చనీళ్ళ పళ్ళు చూసినా అంత రోత పుట్టలేదు. వాణ్ణి ఏదో ఒకటి అనెయ్యాలని నోరు తెరిచింది. తెరిచి చూసుకుంటే తన ముక్కు మీదా రుమాలుంది. ఆ గది తలుపు తనూ రోజూ మోచేత్తోనే నెడుతోంది. ఈ ముక్క చెప్పాక అమ్మమ్మ లేచి కుళాయి దగ్గరికి వెళ్ళిపోతుంది. నేను కదిలించను, అప్పుడు కదిలిస్తే నిజంగానే కొడుతుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి దుప్పటి మారుద్దామని పరుపు ఎత్తితే, అడుగున చేతితువ్వాళ్ళు ముద్దలు ముద్దలుగా దొరికాయి. పైవి ఎండి అట్టకట్టి గోధుమరంగులో ఉన్నాయి. లోపలిది ఇంకా తడిగా, ఎర్రగా ఉంది. ఇనుము తుప్పులాంటి వాసన. అమ్మమ్మ వెనక్కి తూలి గోడకి ఆనుకుంది. అంతకుముందు ఆ గోడని వేలితో కూడా ముట్టుకునేది కాదు.

"దగ్గితే వస్తోందా?"

"కడుపులోంచి," అన్నాడు ముసలాయన. నవ్వు లేదు. "చెప్పకు. చెప్తే మావాడొచ్చి నన్ను ఆసుపత్రిలో పారేస్తాడు. నేను తిరిగొచ్చేలోగా ఈ మంచం ఇంకెవరికో ఇచ్చేస్తారు. ఆ తర్వాత నాకు కిటికీ ఉండదు. నువ్వూ ఉండవు."

చెప్పకపోతే ఈయన పోతాడు. చెప్దామంటే, చెప్పాల్సిన మాట ఒక్కటే ఉంది. ఆ మాట అంటే సీటు పోతుందన్నారు. దానికి ఇంకో మాట లేదా అని అమ్మమ్మ తను చదివిన పాఠాలన్నీ మనసులో తిరగేసింది. కంగారులో ఒక్క ముక్క గుర్తుకు రాలేదు.

ఆఫీసు గదిలో పెద్దనర్సు డబ్బా తెరుచుకుని భోజనం చేస్తోంది. అమ్మమ్మ పరుగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగింది. నోరు తెరిస్తే పాత అలవాటు ముందు పరుగెత్తింది.

"ఛీ!"

నర్సు తల కూడా ఎత్తలేదు. "మళ్ళీ మొదలా? ఈసారి ఏం ముట్టుకున్నావు? ఉండు, మీ మేడమ్‌కి ఫోన్ చేస్తా." నిజంగానే రిసీవర్ ఎత్తింది.

అమ్మమ్మ వెనక్కి పరుగెత్తింది. చేతితొడుగులుండే అల్మారాకి తాళం వేసి ఉంది. తాళంచెవి నర్సు నడుము దగ్గర ఉంది. అడిగితే ఇస్తుందా, ఎందుకని అడుగుతుందా, దానికేం సమాధానం చెప్పాలి? పరుపెత్తింది. రెండు చేతులతో, వట్టి చేతులతో, ఆ తువ్వాళ్ళన్నిటినీ పొదివి పట్టుకుంది. తడిది వేళ్ళ సందుల్లోంచి జారి మణికట్టు దాకా పాకింది. అప్పుడే ఈనిన కోడిపెట్టని పట్టుకున్నంత వెచ్చగా ఉందిట. "కోళ్ళు ఈనవు అమ్మమ్మా, గుడ్లు పెడతాయి," అన్నాను. "నువ్వు పదోక్లాసు పాసయి అప్పుడు చెప్పు," అంది.

తీసుకెళ్ళి నర్సు భోజనం డబ్బా పక్కన, బల్ల మీద పెట్టింది.

"చి," అంది.

దీర్ఘం లేదు. ఒత్తు లేదు. పాఠంలో ఉన్నట్టు, పొట్టిగా. నర్సు చేతిలోంచి రిసీవర్ జారి వైరుకి వేలాడింది. అవతల దీర్ఘం మేడమ్ గొంతు, "హలో? హలో?" అంటూనే ఉంది.

ముసలాయన్ని తీసుకెళ్ళిపోయారు. అమ్మమ్మ చేతులు కడిగి కడిగి, సబ్బు అరిగిపోయి, వేళ్ళ చివర్లు తెల్లగా నానిపోయేదాకా కడిగి, మళ్ళీ ఆ గదికే వచ్చింది. మంచం ఖాళీగా ఉంది. వసారాలో ఇంకో ముసలాయన మూట పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఏమనుకుందో ఏమో, పక్కవాళ్ళ గ్లాసులో నీళ్ళు తాగని మా అమ్మమ్మ, ఆ మరకల పరుపు మీద ఎక్కి బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పుస్తకం తెరిచింది. మర్నాడు మధ్యాహ్నమూ అంతే. ఆ మర్నాడూ అంతే. లేవమన్న ప్రతివాళ్ళకీ ఒకటే జవాబు.

"ఇది మా చిచి మంచం."

జపనీస్‌లో అది మా నాన్న మంచం. తెలుగులో ఏమిటో మీకు తెలుసు. రెండూ నిజమే కాబట్టి ఒక్క అబద్ధం కూడా ఆడలేదంటుంది. పెద్దనర్సు కొన్నాళ్ళు చూసి, ఆ మూట మనిషికి వేరే గదిలో చోటు చూపించింది.

ఏడాది ఆఖరున దీర్ఘం మేడమ్ స్వయంగా ఆశ్రమానికి వచ్చింది. అమ్మమ్మ తలుపు పక్కన నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది. (ఆవిడే! నేను చూసి ఉంటే బాగుండేది.)

"ఈ అమ్మాయి ఆ మాట మళ్ళీ అందట కదా?" అంది మేడమ్.

"అంది," అంది పెద్దనర్సు.

"ఎలా అంది?"

"పొట్టిగా," అంది నర్సు.

మేడమ్ అమ్మమ్మ వైపు తిరిగి తల ఒకసారి పంకించింది. అంతే, పరీక్ష అయిపోయింది. ఊళ్ళో కొత్త షెడ్డులోకి ముత్తాత కోళ్ళనే దింపుకున్నాడు.

ఉమ్ముల తాత తిరిగి వచ్చేసరికి బాగా చిక్కిపోయాడు. మంచం ఉంది, కిటికీ ఉంది, ఈవిడా ఉంది. అయినా చెప్పినందుకు అలిగాడు. పలకరిస్తే గోడవైపు తిరిగాడు. బిళ్ళ నోట్లో వేసుకున్నాడు గానీ తీసి ఇవ్వబోలేదు. అమ్మమ్మ కూడా బతిమాలలేదు. పక్కన కూర్చుని పాఠం బట్టీ పట్టుకుంది. రుమాలు జేబులోనే ఉంచింది, వాసన గుండెదాకా వెళ్తున్నా సరే.

సాయంత్రం ఆయనకి దగ్గొచ్చింది. అమ్మమ్మ గిన్నె అందుకుంది. ఎటు పెట్టినా రెండోవైపు ఉమ్ముతాడని తెలుసు కాబట్టి, కాళ్ళు వెనక్కి లాక్కుని, చెయ్యి బాగా చాపి, మొహం పక్కకి తిప్పుకుని పట్టుకుంది. ముసలాయన గిన్నెని చూశాడు. ఆవిణ్ణి చూశాడు. నాలుక అటూ ఇటూ తిప్పి, బుగ్గలు పూరించి, లారీ కిటికీలోంచి మైలురాయిని చూసినట్టు ఒక కన్ను మూశాడు.

టప్‌మని సరిగ్గా గిన్నె నడిమధ్యలో పడింది. ఒక్క తుంపర బయటికి పోలేదు.

"ఛీ," అంది అమ్మమ్మ, దీర్ఘమంతా పెట్టి. ఈసారి దూది పట్టుకుని ఎవరూ రాలేదు.